కొత్త రోడ్ బైక్‌ను మొదటి రోజు ఎలా తొక్కి చూడాలి

పదకొండేళ్లు ఒకే అల్యూమినియం రోడ్ బైక్, అంటే తారురోడ్డు మీద వేగంగా తొక్కడానికి చేసిన సైకిల్, తొక్కాను. నాలుగేళ్లు డబ్బు దాచుకుని, కిందటి సంవత్సరం కార్బన్ ఫ్రేమ్, ఎలక్ట్రానిక్ గేర్లు, డిస్క్ బ్రేకులు, 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములు ఉన్న బైక్ కొన్నాను. చేతికి వచ్చిన మర్నాడే సీటు ఎత్తు కంటితో సరిచూసుకుని, ఆగకుండా 90 కిలోమీటర్లు తొక్కేశాను. ఇంటికి వచ్చి, ఇంత వేగంగా, ఇంత మెత్తగా నడిచే సైకిల్ ఇంకొకటి ఉండదని నోటుపుస్తకంలో రాసుకున్నాను. తెల్లవారేసరికి కుడి మోకాలి ముందు భాగంలో నొప్పి. టేపు పెట్టి కొలిస్తే, సీటును మోసే గొట్టం, అంటే సీట్‌పోస్ట్, దారిలోనే కొద్దికొద్దిగా జారి 13 మిల్లీమీటర్లు కిందికి దిగిందని తెలిసింది. మూడు వారాలు కొత్త సైకిల్ గోడకు ఆనుకుని ఉండిపోయింది.

ఆ మూడు వారాల్లో నేను రాసుకున్నది చాలాసార్లు చదివాను. అందులో పనికివచ్చే వాక్యం ఒక్కటీ కనిపించలేదు. ఆ వేగం సైకిల్‌దా, వెనక నుంచి తోసిన గాలిదా, నా ఉత్సాహానిదా? ఆ మెత్తదనం ఫ్రేమ్‌దా, టైర్లదా? నాకే తెలియదు. నొప్పి తగ్గాక మళ్ళీ మొదటి రోజు నుంచే మొదలుపెట్టాను, ఈసారి ఒక క్రమంలో. ఆ క్రమాన్నే ఇక్కడ చెబుతున్నాను. కొత్త సైకిల్ మీద తెలిసే ప్రతి తేడా ఎక్కడో ఒకచోట నుంచి వస్తుంది. ఫ్రేమ్ నుంచా, టైరులోని గాలి నుంచా, కూర్చునే తీరు నుంచా, లేక కొత్తదన్న సంబరం నుంచా అని విడదీసి చూడటమే మొదటి రోజు చేయవలసిన పని.

ముందు పాత సైకిల్‌ను కొలవండి

కొత్తది ఎక్కే ముందు రోజు పాతదాని దగ్గర ఒక గంట కూర్చోండి. మీ శరీరానికి ఏళ్ల తరబడి అలవాటైన కొలతలు దాని దగ్గరే ఉన్నాయి. నాలుగు కొలతలు రాసుకుంటే చాలు. పెడళ్లను మోసే కడ్డీలు, అంటే క్రాంకులు, తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎత్తు. ఆ ఇరుసుకు సీటు ఎంత వెనకగా ఉందో, సీటు నుంచి బరువు కట్టిన దారం వేలాడదీసి కొలిచిన దూరం. సీటు నుంచి హ్యాండిల్ మధ్యకు ఉన్న దూరం. సీటు కంటే హ్యాండిల్ ఎంత కిందికి ఉందో ఆ తేడా.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. ఈమధ్య వచ్చే సీట్లలో చాలావాటికి ముక్కు పొట్టిగా ఉంటుంది. పాత సీటు పొడవు 270 మిల్లీమీటర్ల పైన ఉంటే కొత్తది 240, 250 దగ్గర ఆగిపోవచ్చు. రెండింటినీ ముక్కు కొస నుంచి కొలిస్తే లెక్క రెండు మూడు సెంటీమీటర్లు తప్పుతుంది. అందుకే సీటు వెడల్పు 80 మిల్లీమీటర్లు అయ్యే చోట పెన్సిల్‌తో గీత గీసి, రెండు సీట్లనూ ఆ గీత నుంచే కొలవండి. కూర్చునే భాగం దాదాపు అక్కడి నుంచే మొదలవుతుంది.

క్రాంకు పొడవు కూడా చూడాలి. అది లోపలి వైపున చెక్కి ఉంటుంది. నా పాతది 172.5 మిల్లీమీటర్లు, కొత్తది 170. పెడల్ అడుగుకు వెళ్ళినప్పుడు 2.5 మిల్లీమీటర్లు దగ్గరగా ఉంటుంది కాబట్టి సీటును అంతమేర పైకి జరిపాను. ఇంత చిన్న తేడా తెలుస్తుందా అని అడగవచ్చు. గంటకు దాదాపు అయిదు వేల సార్లు ఒకే కదలికను తిప్పే మోకాలికి తెలుస్తుంది.

పాత సైకిల్ లేనివారు, ఇదే మొదటి రోడ్ బైక్ అయినవారు, కాలి లోపలి పొడవును 0.883తో గుణించే పాత సూత్రంతో మొదలుపెట్టవచ్చు. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఒక పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటులా పైకి గట్టిగా నొక్కి పట్టి, నేల నుంచి దాని పైఅంచు దాకా కొలిస్తే వచ్చేది కాలి లోపలి పొడవు. దాన్ని గుణిస్తే ఇరుసు మధ్య నుంచి సీటు పైకి ఉండవలసిన ఎత్తు వస్తుంది. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. ఆ తరువాత మోకాలు చెప్పే మాటే వినాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. హ్యాండిల్ కింద ముందు చక్రం దాకా దిగే గొట్టాన్ని, అంటే స్టీరర్‌ను, మొదటి రోజే పొట్టిగా కోయించకండి. హ్యాండిల్‌ను స్టీరర్‌కు బిగించే ముక్కకు, అంటే స్టెమ్‌కు, పైన రెండు మూడు వలయాలు మిగిలి ఉంటే చూడటానికి బాగుండదని కొందరు తొందరపడతారు. కోసిన కార్బన్ గొట్టం మళ్ళీ పెరగదు. కొన్ని వారాలు ఆ వలయాలను అలాగే ఉండనివ్వండి.

బోల్టులు, గాలి, బ్యాటరీ

అమ్మిన చోట మెకానిక్ అన్నీ బిగించే ఇచ్చి ఉంటాడు. అయినా మీ చేతితో ఒకసారి చూసుకోవాలి. కార్బన్ భాగాలకు టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్, తప్పనిసరి. స్టెమ్ మీద, సీట్‌పోస్ట్ పట్టు మీద ఎంత బిగించాలో అంకె ముద్రించి ఉంటుంది. చాలావాటి మీద అది 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మీ భాగం మీద ఏది రాసి ఉంటే అదే ప్రమాణం. నా సీట్‌పోస్ట్ జారడానికి కారణం బోల్టు వదులు కాదు. లోపల పూయవలసిన, ఇసుకలా గరగరలాడే కార్బన్ పేస్టు పూయలేదు. నున్నటి కార్బన్‌ను నున్నటి కార్బన్ పట్టుకోలేదు. ఇంకా గట్టిగా బిగించి ఉంటే గొట్టం చిట్లేది. పేస్టు పూసి, చెప్పిన అంకెకే బిగించాక అది ఇప్పటిదాకా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బిగించాక సీట్‌పోస్ట్ చుట్టూ, ఫ్రేమ్ అంచుకు ఆనించి, సన్నని టేపు చుట్టండి. జారితే టేపు ముడతపడుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. రెండో చేతి వేళ్లు హ్యాండిల్ కింద ఫ్రేమ్ కలిసే చోట ఉంచండి. టకటకమని కదలిక తెలిస్తే స్టీరర్ బేరింగ్ వదులుగా ఉన్నట్టు. దాన్ని సరిచేయడానికి ముందుగా స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై మూత బోల్టును కొద్దిగా బిగించి, ఆ తరువాత మళ్ళీ పక్క బోల్టులు బిగించాలి. ఈ వరుస తప్పితే పై బోల్టు ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

గేర్ల బ్యాటరీని ముందు రాత్రే చార్జ్ చేయండి. విడి ట్యూబు వెంట తీసుకువెళ్ళేటప్పుడు దాని వాల్వు పొడవు చూడండి. లోతైన రిమ్ముకు మామూలు ట్యూబు వాల్వు బయటికే రాదు. ట్యూబ్‌లెస్ టైరైనా విడి ట్యూబు ఉండాలి, ఎందుకంటే పెద్ద కోత పడితే లోపలి ద్రవం దాన్ని పూడ్చలేదు. చక్రం ఇరుసు విప్పే అలెన్ కీ కూడా మీ జేబులో ఉండాలి. పాత సైకిల్ చక్రం చేతి మీటతో ఊడివచ్చేది. కొత్తవాటిలో చాలావాటికి కీ లేనిదే చక్రం రాదు.

ఇక గాలి. ఈ ఒక్క విషయం మీద నేను ఎంతసేపైనా మాట్లాడగలను.

పాత సైకిల్‌కు 23 మిల్లీమీటర్ల టైర్లుండేవి. వాటికి 100 పీఎస్ఐ కొట్టేవాడిని. రాయిలా ఉంటేనే వేగం వస్తుందని నేర్చుకున్న కాలం అది. కొత్తదానికి 28 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లున్నాయి. నా బరువు 68 కిలోలు. ముందు 62, వెనక 65 పీఎస్ఐ దగ్గర అవి బాగా నడుస్తున్నాయి. టైరు మరీ గట్టిగా ఉంటే రోడ్డు మీది ప్రతి గరుకు సైకిల్‌నూ మనిషినీ కలిపి పైకి ఎత్తుతుంది. ముందుకు పోవలసిన శ్రమ ఆ ఎగరడంలోనే కరిగిపోతుంది. మెత్తని టైరు ఆ గరుకును తనలోనే మింగేస్తుంది. జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది పందెం కాదు. కొడుకు మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించాలని దాన్ని తయారుచేశాడు. మరుసటి ఏడాదే విలియం హ్యూమ్ అదే రకం టైర్లతో బెల్‌ఫాస్ట్‌లో పందేలు గెలిచాడు. సుఖం కోసం పుట్టినదే వేగాన్నీ ఇచ్చింది. టైరు గురించి నాకు నచ్చే కథ ఇదే.

ఒక హెచ్చరిక. కొన్ని కొత్త రిమ్ములకు టైరును పట్టుకునే లోపలి కొక్కెపు అంచు ఉండదు. అలాంటివాటికి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటి గాలి కొట్టకూడదు. దాటితే టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. రిమ్ము మీద, టైరు మీద రాసిన రెండు పరిమితుల్లో ఏది తక్కువైతే అదే మీ పరిమితి. నా రిమ్ములు కొక్కెం ఉన్నవి. అందుకే ఇంకాస్త కింద చెప్పబోయే పరీక్ష చేయగలిగాను.

దారి

తెలిసిన దారినే ఎంచుకోండి. అందమైన కొత్త దారి ఇంకొక రోజు ఉంటుంది. నేను వందల సార్లు తొక్కిన తొమ్మిది కిలోమీటర్ల చుట్టు ఒకటుంది. ఎక్కడ రోడ్డు పగిలిందో, ఎక్కడ మలుపులో కంకర చేరుతుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. అందులో ఒక నున్నని సమతలం, ఒక గరుకు భాగం, ఒక ఎక్కుడు, ఒక దిగుడు ఉన్నాయి. ముందుగా పాత సైకిల్ మీద ఒక చుట్టు తిరిగాను. ఇంటికి వచ్చి, అదే బూట్లతో వెంటనే కొత్తదాని మీద మూడు చుట్లు. ఇలా వెనువెంటనే తొక్కితే శరీరం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలుగుతుంది. వారం క్రితం తొక్కినదానితో పోల్చితే జ్ఞాపకం తనకు ఇష్టమైనది చెబుతుంది.

మొదటి చుట్టు: బ్రేకులు, చేతులు

బ్రేకు పట్టే ముందు ఒక విషయం: ఏ చేతి మీట ముందు చక్రానిదో నిలబడి ఉండగానే సరిచూసుకోండి. కొన్ని దేశాల్లో ముందు బ్రేకు కుడిచేతికి, కొన్నిచోట్ల ఎడమచేతికి అమరుస్తారు. అలవాటుకు భిన్నంగా ఉంటే మొదటి ఆపదలోనే పల్టీ కొట్టవలసి వస్తుంది.

కొత్త డిస్క్ బ్రేకు మొదటి నిమిషాల్లో సరిగా పట్టదు. చాలామంది అప్పుడే నిరాశపడతారు. ప్యాడ్ పదార్థం పలచని పొరలా డిస్కు మీద సమానంగా పరుచుకున్నాకే దానికి అసలు బలం వస్తుంది. ఖాళీ రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగం నుంచి, చక్రం బిగుసుకుపోకుండా, మనిషి నడిచే వేగం దాకా గట్టిగా తగ్గించండి. పూర్తిగా ఆగకండి. ఇలా ఒక్కో బ్రేకుకు ఇరవై సార్లు. ఆ తరువాత కొంచెం ఎక్కువ వేగం నుంచి ఇంకొక పది సార్లు. విసుగు పుట్టించే పనే. కానీ పదిహేనో సారికో ఇరవయ్యో సారికో మీట కింద మార్పు మొదలవుతుంది. ముందుగా గుంజినట్టుండే బ్రేకు, వేలు ఎంత నొక్కితే అంత మేరకు మాత్రమే పట్టడం మొదలుపెడుతుంది. కొత్త సైకిల్ మొత్తంలో నాకు నిజమైన ఆశ్చర్యం కలిగించినది ఇదే. పాత రిమ్ బ్రేకులతో నేను నాలుగు వేళ్లు వాడేవాడిని, ఇప్పుడు ఒక వేలు చాలు. పని అయ్యాక డిస్కును ముట్టుకోకండి. కాలుతుంది, పైగా వేలి జిడ్డు అంటితే కీచుమనడం మొదలవుతుంది.

చేతుల సంగతి. హ్యాండిల్ పైభాగం, బ్రేకు మీటల మీది రబ్బరు గుబ్బలు, కింది వంపు: ఈ మూడు పట్లలోనూ కనీసం అయిదేసి నిమిషాలు తొక్కండి. కింది వంపు నుంచి బ్రేకు మీట వేలికి అందకపోతే మీట దూరాన్ని తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది. చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారితే శరీరం బరువు చేతుల మీద ఎక్కువగా పడుతున్నట్టు. భుజాలు చెవుల వైపు లేస్తుంటే హ్యాండిల్ దూరంగానో, కిందగానో ఉన్నట్టు.

సీటు గురించి మొదటి రోజే తీర్పు చెప్పవద్దు. కూర్చునే ఎముకల దగ్గర కొద్దిపాటి నొప్పి రెండు మూడు రోజుల్లో సర్దుకోవచ్చు. తిమ్మిరి మాత్రం వేరు. మెత్తని భాగంలో స్పర్శ తగ్గితే వెంటనే దిగిపోండి. అది అలవాటు కావలసినది కాదు, సీటు వంపునో సీటునో మార్చవలసినది.

పెడల్‌కు బూటు బిగిసే రకమైతే పట్టును అన్నిటికంటే వదులుగా ఉంచి, గోడ పట్టుకుని ఒక్కో కాలితో ఇరవై సార్లు బిగించి విడిపించండి. కొత్త పెడల్ పాతదానికంటే గట్టిగా పట్టుకుంటుంది.

గేర్లు

రోడ్ బైకుల కోసం తన ఎలక్ట్రానిక్ గేర్లను జపాన్ సంస్థ షిమానో 2009లో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచి వాటి గురించి చదువుతూనే ఉన్నాను, వేలి కింద ఎలా ఉంటుందో మాత్రం ఊహించలేకపోయాను. తీగను లాగే మీటలో గేరు పడిన సంగతి వేలికి తెలిసేది. ఇక్కడ మీట నొక్కిన వేలికి ఏమీ తెలియదు. వెనక మోటారు చిన్నగా జీమంటుంది, గొలుసు అప్పటికే మారిపోయి ఉంటుంది. మొదటి అరగంట నేను పక్క మీట నొక్కుతూనే ఉన్నాను, ముఖ్యంగా చేతి తొడుగులతో. అందుకే బయలుదేరే ముందు వెనక చక్రం ఎత్తి పట్టుకుని, చూడకుండా, పైకీ కిందికీ మార్చడం పది నిమిషాలు సాధన చేయండి. ఏ మీట ఏ పని చేయాలో మార్చుకునే వీలుంటుంది కానీ మొదటి వారం మార్చకండి.

పళ్ల చక్రాల అంకెలు చూసి భయపడవద్దు. నా పాతదానిలో ముందు చిన్న చక్రం 34 పళ్లు, కొత్తదానిలో 36. ఎక్కుడు కష్టమవుతుందనుకున్నాను. లెక్క వేస్తే వేరుగా తేలింది. పాతదానిలో వెనక పెద్ద చక్రం 28 పళ్లు, కొత్తదానిలో 34. అన్నిటికంటే తేలిక గేరులో ఒకసారి పెడల్ పూర్తిగా తిప్పితే పాత సైకిల్ సుమారు 2.55 మీటర్లు, కొత్తది 2.25 మీటర్లు వెళుతుంది. అంటే కొత్తదే తేలిక. ముందు పళ్లను వెనక పళ్లతో భాగించి చక్రం చుట్టుకొలతతో గుణించడమే ఇందులోని లెక్కంతా. కొనేటప్పుడే వేసుకుంటే ఇంకా మంచిది.

రెండో చుట్టు: మలుపు, గాలి, గరుకు

ముందుగా ఖాళీ స్థలంలో నడక వేగంతో ఎనిమిది అంకె ఆకారంలో తిరగండి. హ్యాండిల్ బాగా తిప్పినప్పుడు ముందుకు వచ్చిన బూటు కొస ముందు చక్రానికి తగులుతుందేమో చూడండి. చాలా రోడ్ బైకుల్లో, ముఖ్యంగా చిన్న సైజుల్లో, తగులుతుంది. లోపం కాదు, కానీ ఆ సంగతి రద్దీలో వెనక్కి తిరిగేటప్పుడు తెలియకూడదు.

తరువాత తెలిసిన మలుపు. మీ పాత వేగంతోనే వెళ్ళండి. నా కొత్త సైకిల్ నేను అనుకున్న దానికంటే ముందే లోపలికి వంగింది. మొదటి మలుపులో రోడ్డు లోపలి అంచుకు మరీ దగ్గరగా వెళ్ళిపోయాను. ముందు చక్రం నేలను తాకే చోటుకూ, స్టీరర్ గీత నేలను కలిసే చోటుకూ మధ్య దూరం తక్కువైన సైకిల్ చేతికి ఇలా త్వరగా స్పందిస్తుంది. రోడ్ బైకుల్లో అది సాధారణంగా 60 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అయిదు మిల్లీమీటర్ల తేడా కాగితం మీద కంటే మలుపులో బాగా తెలుస్తుంది. నాలుగో మలుపుకు నా చేతులు సర్దుకున్నాయి. అందుకే మొదటి మలుపు అనుభవాన్ని బట్టి చంచలంగా ఉందని గానీ, చురుకుగా ఉందని గానీ రాసుకోవద్దు. ఎన్నో మలుపుకు చేయి సర్దుకుందో రాసుకోండి.

లోతైన రిమ్ములున్నవారు పక్కగాలిని జాగ్రత్తగా పరిచయం చేసుకోవాలి. గోడ చాటు నుంచి ఖాళీలోకి వచ్చినప్పుడు, పెద్ద లారీ దాటిపోయినప్పుడు, గాలి ముందు చక్రాన్ని ఒక్కసారిగా పక్కకు నెడుతుంది. గట్టిగా పట్టుకుంటే వణుకు పెరుగుతుంది. మోచేతులు వంచి, పట్టు వదులు చేసి, దూరంగా చూస్తూ తొక్కండి. ఈదురుగాలి ఉన్న రోజు మొదటి ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇప్పుడు గరుకు రోడ్డు. కొత్త సైకిల్ మీద ఆ భాగంలోకి వెళ్ళగానే పాతదానిలో అరచేతులను మండించే ఆ సన్నని వణుకు మాయమైంది. కార్బన్ మహిమ అనుకున్నాను. సందేహం తీర్చుకోవడానికి మూడో చుట్టు ముందు రెండు టైర్లకూ 85 పీఎస్ఐ దాకా కొట్టాను. నా రిమ్ములూ టైర్లూ అనుమతించే పరిమితిలోనే. అదే రోడ్డు, అదే ఫ్రేమ్. వణుకులో చాలావరకు తిరిగి వచ్చింది. కొద్దిగా మిగిలిన తేడా ఫ్రేమ్‌దీ సీట్‌పోస్ట్‌దీ కావచ్చు. కానీ నేను నోటుపుస్తకంలో ఫ్రేమ్‌కు రాసిచ్చిన మెత్తదనంలో పెద్ద వాటా టైర్లదే. ఈ పరీక్షకు కావలసింది ఒక పంపు, పది నిమిషాలు. మీ సైకిల్ మీద తప్పక చేసి చూడండి. కొక్కెం లేని రిమ్ములైతే పైకి వెళ్ళకండి. మామూలు గాలితో ఒక చుట్టు, ఎనిమిది పీఎస్ఐ తగ్గించి ఇంకొక చుట్టు తొక్కినా తేడా తెలుస్తుంది.

మూడో చుట్టు: ఎక్కుడు, వేగం

ఎక్కుడులో ముందు కూర్చుని, తరువాత లేచి నిలబడి తొక్కండి. నిలబడి గట్టిగా తొక్కినప్పుడే ఫ్రేమ్ గురించి నిజంగా ఏమైనా తెలుస్తుంది. పాత సైకిల్ మీద కాలు నొక్కినప్పటికీ అది ముందుకు కదిలేటప్పటికీ మధ్య ఏదో చిన్న సాగుడు ఉండేది. అది ఉందని కూడా కొత్తది తొక్కాకే తెలిసింది. ఈ తేడా టైరు గాలి మార్చినా మారలేదు, మూడు చుట్లలోనూ అలాగే ఉంది. కాబట్టి దాన్ని ఫ్రేమ్, చక్రాల ఖాతాలో రాశాను.

బరువు గురించి మాత్రం లెక్క వేసుకుని మాట్లాడాలి. పందేలలో వాడే సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000లో నియమం పెట్టింది. నా కొత్తది 7.2 కిలోలు, పాతది 8.9. చేత్తో ఎత్తితే ఈ తేడా ఆశ్చర్యం కలిగిస్తుంది. కానీ కొండెక్కేది సైకిల్ ఒక్కటే కాదు. నేను, బట్టలు, నీళ్ల సీసాలు కలిపితే పాత మొత్తం 80 కిలోలు, ఇప్పుడు 78.3. రెండు శాతం. అదే శ్రమతో అరగంట పట్టే నిటారు ఎక్కుడులో దక్కేది సుమారు 35 సెకన్లు. ఆ 35 సెకన్లు నాకు ఇష్టమే, కానీ మొదటి రోజు గడియారంలో నేను చూసిన తేడా అంతకంటే చాలా ఎక్కువ. మిగిలినది ఉత్సాహంతో కాళ్లు పెట్టిన ఖర్చు.

సమతలం మీద అడ్డుపడేది ప్రధానంగా గాలి. దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగంతో పాటు ఘనం లెక్కన పెరుగుతుంది, ఆ గాలికి అడ్డు నిలిచేది కూడా సైకిల్ కంటే ఎక్కువగా మన శరీరమే. కొత్తదాని హ్యాండిల్ రెండు సెంటీమీటర్లు కిందికి ఉండి మీరు వేగంగా వెళ్ళారంటే ఆ వేగంలో కొంత ఫ్రేమ్ రూపానిది కాదు, వంగిన మీ వీపుది. అందుకే సగటు వేగాన్ని మొదటి రోజు నేను రాసుకోవడం మానేశాను. పనికివచ్చే పోలిక కావాలంటే గాలి లేని ఉదయాలు రెండు మూడు చూసుకుని, గుండె వేగం ఒకేలా ఉంచి, అదే చుట్టును రెండు సైకిళ్ల మీదా తొక్కండి. మొదటి రోజు నాకు గంటకు 2.4 కిలోమీటర్లుగా కనిపించిన తేడా అలా చూస్తే 0.6 దగ్గర నిలిచింది.

దిగుడులో చేతులు వదులుగా ఉంచి, మోకాళ్లతో పై గొట్టాన్ని తేలికగా అదిమి పట్టండి. ముందు భాగం ఊగడం మొదలైతే ఈ అదుముడే దాన్ని అణచివేస్తుంది. మొదటి రోజు దిగుడులో పాత వేగాన్ని మించవద్దు.

చప్పుళ్లు

కార్బన్ గొట్టాలు, లోతైన రిమ్ములు డోలులాంటివి. చిన్న శబ్దాన్ని పెద్దది చేస్తాయి. ఏది మామూలో తెలిస్తే అనవసరపు భయం ఉండదు. మొదటి కొన్ని కిలోమీటర్లలో చక్రాల నుంచి టింగుమని రెండు మూడు సార్లు వినిపిస్తే, బిగింపులో మెలిపడిన పుల్లలు సర్దుకుంటున్నాయన్నమాట. ఆ తరువాత కూడా ఆగకపోతే చక్రాన్ని మెకానిక్‌కు చూపించాలి. నిలబడి తొక్కాక ష్‌ష్ అని రాపిడి వినిపిస్తే డిస్కు ప్యాడ్‌కు తగులుతోంది. ముందుగా చక్రం ఇరుసు సరిగా బిగిసిందో లేదో చూడండి. చక్రం తిరిగే లయలో టకటకమంటే రిమ్ములో వాల్వు కదులుతూ ఉండవచ్చు.

కిర్రుమనే చప్పుడును పట్టుకోవడానికి ఒక వరుస ఉంది. తొక్కడం ఆపి ఊరికే దొర్లండి. ఆగిపోతే పెడళ్లు, క్రాంకు, ఇరుసు వైపు వెతకాలి. తొక్కుతూ లేచి నిలబడితే ఆగిపోతే సీటు, సీట్‌పోస్ట్ వైపు. హ్యాండిల్‌ను లాగినప్పుడే వస్తే స్టెమ్, స్టీరర్ వైపు. నా విషయంలో అది ఎడమ పెడల్ మరలో గ్రీజు లేకపోవడం. ఫ్రేమ్ పగిలిందేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఇంటికి వచ్చాక

స్నానానికి ముందే రాయండి. ఒక గంట గడిస్తే జ్ఞాపకం కథ అల్లడం మొదలుపెడుతుంది. ఏ చోట, ఎన్నో కిలోమీటరులో, ఏ పట్టులో ఏమనిపించిందో రాసి, దాని పక్కన ఒక గడి ఖాళీగా ఉంచండి: ఎక్కడి నుంచి వచ్చింది అని. తెలియనివి ఖాళీగానే ఉండనివ్వండి. నా మొదటి పేజీలో పదహారు గమనికల్లో తొమ్మిది గళ్లు ఖాళీ. రెండో వారానికి మూడు మిగిలాయి.

బోల్టులన్నీ మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడండి, టేపు ముడతపడిందేమో చూడండి. మోకాలి ముందు నొప్పి ఉంటే సీటు సాధారణంగా కిందగా ఉన్నట్టు, మోకాలి వెనక నొప్పి ఉంటే పైకి ఉన్నట్టు. మూడు మిల్లీమీటర్ల చొప్పున జరపండి. ఒకసారికి ఒక్క మార్పే. సీటు ఎత్తు, టైరు గాలి ఒకే రోజు మార్చితే మరునాటి సుఖానికి ఏది కారణమో మళ్ళీ చెప్పలేరు.

నేను మొదటి నెలలో అయిదు మార్పులు చేశాను: సీటు 3 మిల్లీమీటర్లు పైకి, సీటు ముక్కు ఒక డిగ్రీ కిందికి, బ్రేకు మీటలు కొంచెం దగ్గరికి, ముందు టైరుకు 3 పీఎస్ఐ తక్కువ, స్టెమ్ కింది నుంచి ఒక వలయం తీసి పైకి. ఆరో వారం చివర, మూడు గంటల ప్రయాణం తరువాత మెడ నొప్పి, వేళ్ల తిమ్మిరి లేవని రెండుసార్లు రూఢి చేసుకుని, స్టీరర్‌ను 15 మిల్లీమీటర్లు కోయించాను.